ఎర్ర స్టిక్కర్లు

"ఇదేంటి?" అంది వదిన.

భోజనాల బల్ల మీద ఆయన చొక్కా బోర్లా పరిచి ఉంది. నీలం గళ్ల చొక్కా. కాలర్ కింద, సరిగ్గా వీపు మధ్యలో, చిటికెన వేలి గోరంత ఎర్ర స్టిక్కర్. దాని మీద బాణం గుర్తు.

"నిన్నే అడుగుతున్నా. ఇదేంటి?"

"స్టిక్కరు" అన్నాను.

"స్టిక్కరని నాకూ తెలుసు. పాతికేళ్లుగా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటున్నాను, స్టిక్కరంటే ఏంటో తెలీక కాదు. అది మా తమ్ముడి వీపు మీదకి ఎలా వచ్చిందని అడుగుతున్నా."

వదినది కౌంటర్ గొంతు. అద్దానికి అవతల ఉన్నవాళ్లకి వినపడాలని అరిచి అరిచి అలా అయిపోయింది. ఇంట్లో మధ్యన అద్దం లేదన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

నిన్న శనివారం, నాకు ఒంటిపూట పని. సాయంత్రం బస్సు దిగి వచ్చింది వదిన. వచ్చిన పది నిమిషాలకే ఆయన బయట్నుంచి వచ్చారు. అక్కని చూసి నవ్వారు కూడా. చెప్పులు విప్పుకోవడానికి అటు తిరిగారు, అంతే, వదిన చూసేసింది. చూసినావిడ నెమ్మదిగా పీకి పారేసినా గొడవుండేది కాదు. "ఒరేయ్, నీ వీపు మీద ఇదేంట్రా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది.

ఆయన చొక్కా విప్పి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. తర్వాత గదిలోకి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు. రాత్రి అన్నానికి లేవలేదు, పొద్దున టీకి లేవలేదు.

నాలుగు నెలల తర్వాత ఆయన తనంతట తాను బయటికి వెళ్లిన మొదటి రోజు అది. ఎవరూ చెప్పకుండానే తల దువ్వుకుని, ఇదివరకు పనిచేసిన బిల్డింగ్ సైటుకెళ్లి పాత స్నేహితులతో క్యాంటీన్లో కాసేపు కూర్చుని వస్తానన్నారు. గంటసేపు కూర్చున్నారు కూడా. వీపు మీద నా స్టిక్కరుతో.

నా స్టిక్కరనే అంటున్నాను. నేను అంటించినట్టు మాత్రం నాకు గుర్తు లేదు.

"ఫ్యాక్టరీలో నా బట్టలకి అంటుకుని వచ్చి ఉంటుంది వదినా. పక్కన కూర్చున్నప్పుడు ఆయనకి అంటుకుందేమో" అన్నాను.

"బాత్రూంలో బకెట్‌కి కూడా అలాగే అంటుకుందా?"

ఈ మాట అన్నది వదిన కాదు, అత్తగారు. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బీన్స్ ఈనెలు తీస్తున్నారు. ఆవిడకి కుడి చెవి వినపడదు. ఎడమ చెవి వినపడుతుంది గానీ, దానికీ ఇష్టమైన మాటలే వినపడతాయి.

"బకెట్‌కేంటి?" అంది వదిన.

"వెళ్లి చూడు."

వదిన కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక బాత్రూం. తిరిగి రావడానికి ఎంతసేపు కావాలి?

బకెట్ మీద ఒకటి, అది స్నానం గుర్తు చేయడానికి. కిటికీ రెక్క మీద ఒకటి, లేవగానే తెరవాలని. ఆయన బూట్ల మీద చెరొకటి, నడకకి. మాత్రల డబ్బా మీద ఒకటి. అద్దం మీద, గడ్డం దగ్గరికొచ్చే ఎత్తులో ఒకటి. ఇలాగే ఇంకా ఎన్నో. ఆవిడ ఒక్కొక్కటీ గోటితో గీకి తీసి తన ఎడమ చేతి మీద వరసగా అంటించుకుంటూ వచ్చింది. ఆయన పడుకున్న గదిలోకి మాత్రం చప్పుడు చేయకుండా వెళ్లింది. ఆ మాత్రం మర్యాద ఉంది.

"పద్నాలుగు" అంది బయటికొచ్చి. "చొక్కాతో పదిహేను. ఇది ఇల్లా, మీ ఫ్యాక్టరీ గోడౌనా?"

"నా కళ్లజోడు పెట్టె మీద ఒకటుంది. పదహారు" అన్నారు అత్తగారు.

"మీరు కళ్లజోడు ఎక్కడో పెట్టి ఇల్లంతా వెతుకుతారు కదా అత్తయ్యా. కనపడుతుందని పెట్టాను."

"కనపడుతోంది. కళ్లజోడు లేకపోతే అదొక్కటే కనపడుతోంది."

నాకు నవ్వు రాలేదు. వదినకీ రాలేదు.

నేను చేసేది చొక్కాల ఫ్యాక్టరీలో ఫైనల్ చెకింగ్. ట్యూబ్‌లైట్ కింద నిలబడి, కుట్టి వచ్చిన ప్రతి చొక్కానీ తిరగేసి బోర్లేసి చూడాలి. కుట్టు జారితే, గుండీ వదులైతే, నూనె మరక ఉంటే, అక్కడ ఎర్ర బాణం అంటించి వెనక్కి పంపాలి. రోజుకి ఆరేడు వందల చొక్కాలు. పన్నెండేళ్లుగా ఇదే పని. మా సెక్షన్‌లో నా అంత కన్ను ఎవరికీ లేదని మేనేజరే అంటాడు. బాగున్న చోటు చూడ్డానికి నాకు జీతమివ్వరు.

ఆయనకి ఇలా అయ్యాక డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. ఇంట్లో ఉంటూ మనసుని ఎలా చూసుకోవాలో అందులో ఉంది. వేళకి లేవడం, స్నానం, ఎండలో కాసేపు నడక, ఏదో ఒక ఇంటి పని, ఎవరో ఒకరితో రెండు మాటలు. మొత్తం అయిదు. కింద ఇంకో వాక్యం ఉంది, చేయగలిగినంతే చేయండి అని. ఆ వాక్యం నాకు నచ్చలేదు. అలాంటి మాట మా ఫ్యాక్టరీలో గోడకి రాస్తే రోజుకి పది చొక్కాలు కూడా బయటికి వెళ్లవు.

అందుకే దాన్ని పెద్ద చార్టు చేసి బీరువా తలుపుకి అంటించాను. చేసిన పనికి టిక్కు, చేయనిదానికి ఎర్ర బాణం. ఆయన బాగుపడాలనే చేశాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

"అది కూడా చూశాను" అంది వదిన బీరువా గది వైపు చెయ్యి చూపిస్తూ. "వాడేమన్నా చొక్కానా? కుట్టు ఊడిందా, మరక పడిందా? వెనక్కి పంపిస్తావా ఏంటి?"

"వదినా, మాట తూలకండి."

"నేను మాట తూలితే నువ్వు మనిషినే చులకన చేశావు. వాడు నలుగురిలోకి వెళ్లడానికి ఎంత ధైర్యం తెచ్చుకుని ఉంటాడు? ఆ నలుగురూ వెనక చేరి వాడి వీపు చూసి నవ్వే ఉంటారు. వాడేమనుకుని ఉంటాడు?"

"నేను కావాలని చేశానా?"

"అంటించింది నువ్వే అని ఒప్పుకుంటున్నావన్నమాట."

అడ్డంగా దొరికిపోయాను. కౌంటర్లో కూర్చునేవాళ్లతో వాదించకూడదు.

"నాలుగు నెలలు వదినా" అన్నాను. "మీరు వారానికోసారి ఫోన్ చేసి ఎలా ఉన్నాడూ అంటే, బాగున్నారు అని చెప్పిందాన్ని నేను. పొద్దున్నే ఆయన్ని లేపి, టిఫిన్ పెట్టి, మాత్రలు వేసి, ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, వచ్చి మళ్లీ వంట చేసి, రోజంతా ఏం చేశారో కనుక్కుని... ఒక్క రోజు, ఒక్క రోజు మీరు వచ్చి చేశారా?"

"ఇప్పుడు చేస్తాను" అంది వదిన. "రెండు గంటల బస్సుకి వాణ్ణి మా ఇంటికి తీసుకెళ్తున్నా. అమ్మ కూడా వస్తుంది."

బల్ల మీది చొక్కా తీసి మడతపెట్టడం మొదలుపెట్టాను.

"ఆయన్ని అడిగారా?"

"రాత్రే అడిగాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"మరి?"

"వద్దనలేదు" అంది వదిన. చేతి మీది స్టిక్కర్లన్నీ ఊడదీసి ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసి, అటక మీంచి బ్యాగు దించడానికి స్టూలు వెతుక్కుంటూ వెళ్లింది.

గడియారం చూశాను. పది దాటింది. ఆయన ఈ గడప దాటితే మళ్లీ రారని నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. రెండు గంటల లోపు ఆయన చేత ఒక్క మాట అనిపించాలి. ఉంటాను అని.

*

టీ పట్టుకుని గదిలోకి వెళ్లాను. ఆయన ఇంకా గోడవైపే తిరిగి ఉన్నారు.

"ఏవండీ, టీ."

మంచం అంచున కూర్చున్నాను. బీరువా తలుపు మీద చార్టు ఎదురుగా కనపడుతోంది. ఈ వారం అన్నీ టిక్కులే. ఎంత కష్టపడి ఇంతదాకా తెచ్చాను!

"మీ అక్క చెప్పింది నిజమేనా? వెళ్తున్నారా?"

"నువ్వే అంటించావా?" అన్నారు ఆయన గోడతో.

"నాకు గుర్తు లేదండీ. ఒట్టు."

"మూడు రోజులుగా అదే చొక్కా వేసుకున్నానని అంటించావా?"

మూడు రోజులు. ఆ లెక్క నాకు ఠక్కున గుర్తొచ్చింది. శుక్రవారం పొద్దున ఆ కాలర్ మీద మట్టి చూశాను. చెబుదామనుకున్నాను. చెప్పానా? చెప్పలేదు. చెయ్యి చెప్పేసినట్టుంది.

టీ గ్లాసు చెయ్యి మార్చుకున్నాను. ఆయనకి అర్థమైంది.

"క్యాంటీన్లో అందరూ బాగా పలకరించారు" అన్నారు. "కుర్చీ ఇచ్చారు. టీ తెప్పించారు. నేను కూడా మాట్లాడాను. కొత్త క్రేను వచ్చిందట, దాని గురించి. వెనక బల్ల మీద ఎవరో నవ్వారు. తల తిప్పితే ఆపేశారు. మళ్లీ నవ్వారు. ఆ రోజు నన్ను క్రేను మీంచి కిందకి దించిన సంగతి చెప్పుకుని నవ్వుతున్నారనుకున్నాను. అయినా లేవలేదు. టీ పూర్తిగా తాగాకే లేచాను."

"వాళ్ల బుద్ధి అది..."

"వాళ్లనేం అనకు. నా వీపు మీద ఎర్ర బాణం ఉంటే నేనైనా నవ్వుతాను."

ఇటు తిరిగారు. కళ్లు వాచి ఉన్నాయి. టీ గ్లాసు తీసుకున్నారు గానీ తాగలేదు, రెండు చేతులతో పట్టుకుని ఊరికే కూర్చున్నారు.

"ఒకటి చెప్తాను. కోప్పడవుగా?"

"నేనెప్పుడు కోప్పడ్డాను?"

ఆయన నాకేసి చూశారు. నేను చూపు తిప్పుకున్నాను.

"నేను నడకకి వెళ్లట్లేదు" అన్నారు. "నెలన్నర అయింది. కిందకి దిగి, మెట్ల కింద కరెంటు మీటర్లుంటాయి చూడు, అక్కడ నిలబడి అరగంటయ్యాక వచ్చేస్తాను. వచ్చే ముందు కుళాయి దగ్గర మొహం తడుపుకుంటాను, చెమట పట్టినట్టు ఉంటుందని."



"ఎందుకు?"

"ఎర్ర రంగు చూడలేక."

చార్టు వైపు చూశాను. నెలన్నర టిక్కులు. రోజూ ఫ్యాక్టరీ నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా పెట్టిన టిక్కులు. "మా ఆయన రోజూ నడుస్తున్నాడు" అని మా సెక్షన్‌లో అందరికీ చెప్పుకున్నాను. మీటర్ల దగ్గర నిలబడిన మనిషిని పట్టుకుని.

"ఇంకేం అబద్ధాలున్నాయి?"

"స్నానం సగం రోజులు నిజం. పని, అమ్మ చేస్తుంది, నేను చేశానని చెప్తుంది. మాత్రలు నిజం. అవి మాత్రం రోజూ వేసుకున్నాను."

"డాక్టరమ్మకి కూడా అబద్ధమే చెప్తున్నారా?"

"లేదు. ఆవిడకి అన్నీ చెప్పాను. మీటర్ల సంగతి కూడా. వీధిలోకి వెళ్లకపోయినా మెట్లు దిగారుగా, అదే చాలు ప్రస్తుతానికి అంది."

వారానికి ఇరవై నిమిషాలు చూసే మనిషికి నిజం. ఒకే కప్పు కింద పడి చచ్చే పెళ్లానికి అబద్ధం.

"అంటే ఆవిడ మీ మనిషి, నేను మీ మీద పెట్టిన సూపర్‌వైజర్‌ని. అంతేగా?"

"అరవకు, అమ్మ వింటుంది."

"విననీ! ఎడమ చెవి ఇటే పెట్టుకుని కూర్చుని ఉంటుంది. నేను చూడకపోతే మిమ్మల్ని ఎవరు చూస్తారు? చెప్పండి, ఎవరు చూస్తారు?"

"పైన ఎవరూ చూసేవాళ్లు కాదు" అన్నారు ఆయన నెమ్మదిగా. "క్రేను మీద పదేళ్లు కూర్చున్నాను. కింద వంద మంది ఉంటారు, ఒక్కడు కూడా నాకేసి చూడడు. అందరూ కొక్కేనికేసే చూస్తారు. బరువు సరిగ్గా దిగుతోందా లేదా, అంతే. హాయిగా ఉండేది. ఇక్కడ నిద్ర లేచిన దగ్గర్నుంచి నువ్వు నాకేసే చూస్తావు. దగ్గితే చూస్తావు. బాత్రూంలో ఆలస్యమైతే తలుపు దగ్గర నీ నీడ కనపడుతుంది. కిటికీ దగ్గర నిలబడితే వచ్చి పక్కన నిలబడతావు."

ఆ కిటికీ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. నాలుగు నెలలుగా పళ్ల బిగువున ఆపుకున్నది ఒక్కసారి బయటికొచ్చేసింది.

"నిలబడతాను! ఎందుకు నిలబడతానో తెలీదా మీకు? ఆ రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. మీ ఆయన క్రేను మీంచి దిగట్లేదు, పిలిస్తే పలకట్లేదు అని. నేను చేతిలో చొక్కాతోనే రోడ్డు మీదకి పరిగెత్తాను. ఆటోలో కూర్చుని తల బయటపెట్టి పైకే చూస్తున్నాను. అంత ఎత్తున చిన్న డబ్బాలో మీరు. ఎప్పుడు దూకుతారో అని చూస్తున్నాను. ఇద్దరు పైకెక్కి మిమ్మల్ని దింపేదాకా అలాగే చూశాను. మీరు దిగారు. నా కళ్లు మాత్రం దిగలేదు. నేనేం చేయను?"

నేను ఏడుస్తున్నానని ఆయన చెయ్యి చాపినప్పుడు తెలిసింది. ఆ చెయ్యి తోసేశాను.

"నేను దూకాలనుకోలేదు" అన్నారు. "ఎన్నిసార్లు చెప్పాను? చేతులు లీవర్లని వదల్లేదు. కాళ్లు లేవలేదు. భయమేసింది. అంతే. ఆ ఆలోచన నాకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ లేదు."

"ఎలా నమ్మమంటారు? నడిచొచ్చానని నెలన్నర తడి మొహంతో నా ముందు నిలబడ్డ మనిషి మాట ఎలా నమ్మను?"

ఆయన గ్లాసు నేల మీద పెట్టారు.

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. మా ఇద్దరిలో ఎవరం లేవలేదు. రెండోసారి కూత వేసింది. టీ చల్లారిపోయి పైన పొర కట్టింది.

"ఇంట్లో ఉండి బాగుపడమంది డాక్టరమ్మ" అన్నారు చివరికి. "ప్రయత్నం చేశాను. ఈ ఇంట్లో నా వల్ల కావట్లేదు."

"ఉండండి" అన్నాను. "చార్టు తీసేస్తాను. ఇప్పుడే, మీ ముందే చింపేస్తాను."

లేచి చింపాను కూడా. నాలుగు మూలలా టేపు వేసి గట్టిగా అంటించానేమో, మధ్యలో ముక్క ఊడొచ్చి అంచులు తలుపుకే ఉండిపోయాయి. గోళ్లతో గీకాను. ఒక మూల రాలేదు. ఇంకా గీకాను. గోరు విరిగింది.

"చాలు, ఆపు" అన్నారు ఆయన.

"ఇదొక్కటి వచ్చేస్తుంది."

"ఆపవే!"

పెళ్లయిన నాలుగేళ్లలో ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదలు. నేను ఆగాను. ఆయన లేచి టవల్ తీసుకుని స్నానానికి వెళ్లారు. ఎవరూ చెప్పకుండానే.

*

ఒంటిగంటకి అందరం బల్ల చుట్టూ కూర్చుని అన్నం తిన్నాం. అందరం అంటే, ఎవరి కంచంలోకి వాళ్లు చూసుకున్నాం. బీన్స్ కూరలో ఉప్పు ఎక్కువైంది. రెండుసార్లు వేశానేమో. ఎవరూ ఏమీ అనలేదు, నీళ్లు తాగారు.

వదిన బ్యాగు గుమ్మం దగ్గర పెట్టింది. దాని పక్కనే అత్తగారి గుడ్డ సంచీ. ఆవిడ పొద్దుట్నుంచి ఏదో ఒకటి అందులో పెడుతూనే ఉన్నారు. పెట్టుకోనీ. నాలుగేళ్లు వండి పెట్టినందుకు బకెట్ మీది స్టిక్కరు చూపించి పుణ్యం కట్టుకున్నావిడ.

ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, చెయ్యి వెనక్కి పోనిచ్చి కాలర్ కింద తడిమి చూసుకున్నారు. నేను చూస్తున్నానని ఆయనకి తెలీదు. ఆ ఒక్క పనికి నన్ను నాలుగు తన్నినా ఇంత బాధ ఉండేది కాదు.

"మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి రెండు" అన్నాను వదినతో. "రాత్రివి అన్నం తిన్నాకే. ఖాళీ కడుపుతో వేస్తే తల తిరుగుతుంది. కాఫీ సాయంత్రం తర్వాత వద్దు. ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటారు, అది దూరంగా..."

"పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల రిజిస్టర్ ఉత్తరాలన్నీ చూసుకుంటున్నా. మూడు మాత్రలు చూసుకోలేనా?" అంది వదిన. కానీ ఈసారి కౌంటర్ గొంతుతో కాదు.

"ఎన్ని రోజులు?" అని ఆయన్ని అడిగాను.

"తెలీదు."

"తిరిగి వస్తారా?"

"అదేం మాట" అన్నారు. వస్తానని మాత్రం అనలేదు.

వదిన చేతి గడియారం చూసుకుంది. "బస్సు పోతుంది. అమ్మా, లే."

అత్తగారు లేవలేదు. గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, నేల మీది బ్యాగుల కేసి చూస్తున్నారు.

"అమ్మా, నిన్నే. లే."

"వినపడింది" అన్నారు అత్తగారు. "నేను రాను."

"సంచీ సర్దుకున్నావుగా?"

"అవి వాడి బట్టలు. స్వెట్టరు, దుప్పటి. నీ ఇంట్లో చలి."

"నువ్వు రాకపోతే ఎలా? పగలు నేను ఆఫీసుకెళ్తే వాడి దగ్గర ఎవరుంటారు?"

"వాడు ఒక్కడే ఉండగలడు. ఉండలేకపోతే నీకు ఫోన్ చేస్తాడు. అడగడం వచ్చు వాడికి, డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి నేర్చుకున్నాడు." ఆవిడ తల తిప్పి నాకేసి చూశారు. "దీనికి రాదు. నేను కూడా వచ్చేస్తే దీన్ని ఎవరు చూస్తారు?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది.

"నన్ను ఎవరూ చూడక్కర్లేదు అత్తయ్యా. మీరు వెళ్లండి."

"ఇది నిద్రపోయి నెలలైంది" అన్నారు ఆవిడ, నేనక్కడ లేనట్టు, కూతురితో. "గ్యాస్ కట్టేశామా అని నాలుగుసార్లు లేస్తుంది. తలుపు గడియ చూస్తుంది. వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూస్తుంది. అక్కడితో ఆగదు, నా దగ్గరికొచ్చి నాదీ చూస్తుంది. నేను కళ్లు మూసుకుని పడుకుంటాను. మెలకువగా ఉన్నానని తెలిస్తే సిగ్గుపడుతుందని."

"అత్తయ్యా!"

"నిన్న చొక్కాకి అంటించింది గుర్తు లేదంటోంది. మీరు అబద్ధమనుకుంటున్నారు. నేను చూశాను. వాడు ఆఖరి ముద్ద తింటున్నాడు. వెనక నుంచి గిన్నె పట్టుకుని వెళ్తూ, అలవాటుగా జేబులోంచి తీసి అంటించింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ అక్కడ మనిషి లేదు."

"చూసినదానివి చెప్పవేం అప్పుడే?" అంది వదిన.

"తీసేద్దామని లేచేసరికి వాడు మెట్లు దిగిపోయాడు. ఈ మోకాళ్లతో నేను పరిగెత్తగలనా? పిలిచాను, వినపడలేదు." "నాదే తప్పు. మూడు నెలల కిందటే నోరు విప్పి ఉండాల్సింది. అమ్మాయ్, నీకు బాగోలేదు అని. ఒకేసారి రెండు రోగాలంటే ఇల్లు ఏమైపోతుందోనని ఊరుకున్నాను."

నేను ఆయనకేసి తిరిగాను. కనీసం ఆయనైనా ఏంటమ్మా ఆ మాటలు అంటారని. ఆయన తల దించుకున్నారు.

"డాక్టరమ్మ కూడా అడిగింది" అన్నారు. "వెళ్లిన ప్రతిసారీ అడిగింది. మీ ఆవిడ ఎలా ఉన్నారు, ఆవిడ నిద్రపోతున్నారా, ఓసారి తీసుకురండి అని."

"మీరేం చెప్పారు?"

"బాగుందని చెప్పాను."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"అన్నీ చెప్పానన్నారుగా ఆవిడకి?"

"అదొక్కటీ చెప్పలేదు" అన్నారు. "నీకు కూడా బాగోలేదంటే, ఇంక నన్ను పట్టుకునేవాళ్లు ఎవరూ లేరనిపించింది. భయపడ్డాను. నన్ను క్షమించు."

ఆ క్షమించులో ఎంత ప్రేముందో ఎంత దొంగతనముందో నాకు తేల్చుకోవడం రాలేదు. కింద రోడ్డు మీద ఆటో హారన్ కొట్టింది. వదిన బ్యాగు అందుకుని, ఏదో అనబోయి, నా భుజం మీద చెయ్యి వేసి తీసేసి, మెట్లు దిగింది. ఆయన గుడ్డ సంచీ భుజాన వేసుకున్నారు. మూడు మెట్లు దిగి ఆగారు. వెనక్కి చూస్తారనుకున్నాను. చూడకుండానే దిగిపోయారు.

తలుపు వేశాను. గడియ పెట్టాను. మళ్లీ తీసి మళ్లీ పెట్టాను.

"వచ్చి పడుకో అమ్మాయ్" అన్నారు అత్తగారు.

"పనుంది."

"ఏం పని?"

చెప్పడానికి ఒక్క పని కూడా తోచలేదు. గదిలోకి వెళ్లి మంచం మీద ఆయన పడుకున్న వైపు పడుకుని, గోడవైపు తిరిగాను. వెనక కుర్చీ ఈడుస్తున్న చప్పుడైంది. ఆవిడ కుర్చీని గుమ్మంలోకి లాగి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ కూర్చున్నారు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఎంతసేపైందో తెలీదు. వెనక్కి తిరగకుండానే తెలుస్తోంది, ఆవిడ కళ్లు నా వీపు మీదే ఉన్నాయి. ఊపిరి గట్టిగా తీసుకుంటే వింటున్నారు. కాలు కదిపితే చూస్తున్నారు. నిద్రపోయినట్టు నటించాను. నటిస్తున్నానని కూడా ఆవిడకి తెలిసిపోతోంది.

"నాకేసి అలా చూడకండి అత్తయ్యా" అన్నాను గోడతో.

ఆవిడ చూపు తిప్పుకోలేదు.